సీట్లక్క కొన్న కారు

ఆవిడకు అమ్మానాన్నలు పెట్టిన పేరు కాగితాల మీద ఎక్కడో ఉండే ఉంటుంది గానీ, కార్ల వీధిలో అది తెలిసినవాళ్ళు ఒక్కరూ లేరు. అందరికీ ఆవిడ సీట్లక్కే. ఆవిడకంటే ఇరవై ఏళ్ళు పెద్దవాళ్ళు కూడా అక్కా అనే పిలుస్తారు. పాత కార్లు అమ్మే దుకాణాలు వరసగా ఉన్న ఆ వీధి చివర, టైర్ల కొట్టుకీ గోడకీ మధ్య ఇరుక్కున్న రేకుల షెడ్డు ఆవిడది. లోపల రెక్సిన్ కుట్టే బరువైన మిషను, కత్తిరించే బల్ల, గోడకు నిలబెట్టిన రెక్సిన్ చుట్టలు, పైకప్పు దాకా పేర్చిన స్పాంజి పలకలు, ఎప్పుడూ పోని జిగురు వాసన. ఊళ్ళోవాళ్ళ నడుములన్నిటికీ మెత్తటి సీట్లు కుట్టే ఈ మనిషి మాత్రం పద్నాలుగేళ్ళుగా వీపు ఆనని చెక్క స్టూలు మీదే కూర్చుంటోంది.

సీటు చూసి కారు జాతకం చెప్పగలదని ఆవిడకు పేరు. ఒకసారి ఒక పెద్దమనిషి కారు అమ్మకానికి పెట్టే ముందు కవర్లు మార్పించుకుందామని వచ్చి, "ముప్పై వేలే తిరిగిందమ్మా, అదీ ఇంటికీ ఆఫీసుకీ" అని కబుర్లు మొదలుపెట్టాడు. ఆవిడ డ్రైవరు సీటు అంచును బొటనవేలితో రెండుసార్లు నొక్కింది. వెనక సీటు ఎడమవైపు అరచేత్తో తట్టింది. "టాక్సీకి ఎన్నేళ్ళు తిప్పారు బాబూ?" అని అడిగింది. ఆయన మొహంలో కత్తివేటుకు నెత్తురు చుక్క లేదు. ఇందులో మంత్రం ఏమీ లేదు. కిరాయికి ఎక్కినవాడు ఎప్పుడూ వెనకాల ఎడమవైపే కూర్చుంటాడు, కాబట్టి ఆ వైపే స్పాంజి దిగిపోతుంది. తెలిశాక ఎవరికైనా తెలిసినట్టే ఉంటుంది. ముందుగా తెలుసుకున్నది ఆవిడ.

ఆవిడ పనికి ఒక గుర్తు ఉంది. కవరు కుట్టడం అయ్యాక సీటు అడుగున, ఎవరి కంటికీ ఆనని మూలన, ఎర్ర దారంతో మూడు కుట్లు వేస్తుంది. ఏడాదిలోపు ఎక్కడ దారం ఊడినా ఆ మూడు కుట్లు చూపిస్తే చాలు, మారుమాట లేకుండా ఉచితంగా మళ్ళీ కుట్టి ఇస్తుంది. ఎవరూ అడగని పూచీ అది, తనంతట తానే నెత్తిన పెట్టుకుంది.

భర్తది బట్టలకు రంగులద్దే మిల్లులో బాయిలరు దగ్గర పని. మనిషి ఆరడుగులు, మాటలు నాలుగే. ఆ మిల్లు ఊరవతలికి, ముప్పై ఎనిమిది కిలోమీటర్ల దూరానికి తరలిపోతోందని కబురొచ్చింది. పొద్దున షిఫ్టు ఆరింటికి మొదలు. ఊళ్ళోంచి మొదటి బస్సు కదిలేదే ఆరింటికి. మోటారు సైకిలు మాట ఎత్తడానికే లేదు, ఎప్పుడో దాని మీంచి పడే ఆయన తుంటిలో ఇనుప కడ్డీ వేయించుకున్నాడు. అక్కడే ఉండేవాళ్ళకు మిల్లువాళ్ళు గదులిస్తామన్నారు, గదికి నలుగురు చొప్పున. నెలాఖరులోగా ఏదో ఒకటి తేల్చి చెప్పాలి.

గది అనే మాట వినగానే సీట్లక్క గుండె జారిపోయింది. దానికి కారణం ఉంది. కూతురికి మూడేళ్ళప్పుడు ఆయన ఏడాదిన్నర పాటు వేరే ఊళ్ళో పనిచేశాడు, ఆదివారాలు మాత్రమే ఇంటికొచ్చేవాడు. ఒక బుధవారం అక్కడ మిషన్లు ఆగిపోయి చెప్పాపెట్టకుండా వచ్చాడు. పిల్ల గుమ్మంలో తండ్రిని చూసి, ఆయన దగ్గరికి వెళ్ళకుండా వంటింట్లోకి పరిగెత్తి, "అమ్మా, ఇవాళ ఆదివారమా?" అని అడిగింది. ఆయన నవ్వేశాడు. నవ్వుతూనే పెరట్లోకి వెళ్ళి మొహం కడుక్కున్నాడు. చాలాసేపు కడుక్కున్నాడు.

"గదీ వద్దు, గిదీ వద్దు. కారు కొందాం" అంది సీట్లక్క.

"కారా? మనమా?" అన్నాడాయన.

"కొత్త మిషను కోసం దాచింది ఉంది కదండీ. పాతది ఇంకో రెండేళ్ళు నా మాట వింటుందిలెండి."

వినదని ఆయనకూ తెలుసు. వారానికోసారి ఆ మిషను మొరాయించడం ఆయన చూస్తూనే ఉన్నాడు. కానీ ఆవిడ ఒకటి అనుకున్నాక కాదనిపించడం ఆ ఇంట్లో ఇంతవరకూ ఎవరివల్లా కాలేదు.

కారంటే ఏదో ఒక కారు కాదు. పోనూ రానూ రోజుకు డెబ్బై ఆరు కిలోమీటర్లు. పెట్రోలు గడగడా తాగే బండి కొంటే జీతమంతా పంపు దగ్గరే ధారపోయాలి, దానికంటే గదే నయం. లీటరుకు ఇరవై కిలోమీటర్లకు తగ్గకూడదు, ధర మిషను డబ్బు దాటకూడదు, చీకట్లో రోడ్డు మధ్య ఆగిపోకూడదు. ఈ మూడూ ఒకే కారులో దొరకాలి.

మూడు ఆదివారాలు తిరిగారు. సీట్లక్క కొనడానికి వస్తోందని తెలిస్తే చాలు, వీధిలో సగంమంది కార్ల తలుపులకు తాళాలేసేసేవాళ్ళు. మిగతా సగం టీలు తెప్పించేవాళ్ళు. ఆవిడ టీ తాగి, బొటనవేలితో సీటు నొక్కి, "ఇది మూడు చేతులు మారింది", "దీని మీటరు వెనక్కి తిప్పారు", "ఇది డ్రైవింగు నేర్పిన బండి, చూడు, పక్క సీటువాడు భయంతో అంచు పట్టుకుని పట్టుకుని ఎలా చింపేశాడో" అని ఒక్కొక్కటే తేల్చేసేది. భర్తకు మాత్రం ఏ పేచీ లేదు. ప్రతి కార్లో కూర్చోవడం, స్టీరింగు పట్టుకోవడం, "బాగుంది" అనడం.

"ఏవండీ, అన్నీ బాగుంటే ఎలాగండీ?"

"నాకు నడుం ఆనితే చాలు. మిగతాది నువ్వు చూస్తావుగా."

నాలుగో ఆదివారం గ్యారంటీ బాబాయ్ దుకాణానికి వెళ్ళారు. వీధిలో అన్నిటికంటే పెద్ద దుకాణం ఆయనది. ఏ మాటన్నా చివర "నాదీ గ్యారంటీ" అంటాడు, ఎండగా ఉందన్నా సరే. సీట్లక్క షెడ్డు తెరిచిన రోజు మొదటి పని ఇచ్చింది ఆయనే. ఇప్పటికీ ఆవిడ చేసే పనిలో సగం ఆయన పంపేదే.

అక్కడ ఒక తెల్ల కారు ఉంది. మీటరు మీద నలభై వేలు. ఆవిడ సీటు నొక్కింది. స్పాంజి గట్టిగా, దిటవుగా తిరిగి లేచింది. మీటరు చెప్పేదీ సీటు చెప్పేదీ ఒకటే. లేత గోధుమరంగు కవర్లు, ఎక్కడా లైను తప్పని కుట్టు.

"ఎవరు కుట్టారు బాబాయ్? చెయ్యి బాగుంది" అంది.

గ్యారంటీ బాబాయ్‌కి టీ పొలమారింది. "ఎవరోనమ్మా, పొరుగూరివాళ్ళు" అన్నాడు అటు తిరిగి.

రోడ్డు మీద నడిపి చూస్తే లీటరుకు ఇరవై రెండు దాకా ఇచ్చేలా ఉంది. భర్త స్టీరింగు ముందు కూర్చుని ఈసారి "బాగుంది" వేరే గొంతుతో అన్నాడు. అని, టిఫిను డబ్బా పెట్టుకోవడానికి పక్కన చోటు ఎక్కడుందా అని వెతికాడు. అది చూసి సీట్లక్కకు మనసు నిండిపోయింది. అడ్వాన్సు ఇచ్చేశారు. మర్నాటికల్లా కూతురు స్కూలంతా చాటింపు వేసింది.

సోమవారం సీట్లక్క టేపు పట్టుకుని మళ్ళీ వెళ్ళింది. ఆయన తుంటికి ఆసరాగా ఒక దిండు కుట్టాలని, కొలత కోసం. సీటు అడుగు కొలవడానికి మోకాళ్ళ మీద కూర్చుని చెయ్యి లోపలికి పోనిచ్చింది. మూలన వేలికి ఏదో తగిలింది. ఒకటి, రెండు, మూడు. ఫోను లైటు వేసి చూసింది. ఎర్ర దారం.

మొదట నవ్వొచ్చింది. తన కుట్టునే తాను మెచ్చుకుందన్నమాట! ఏడాదికి వందల కవర్లు కుట్టే మనిషికి ఏది గుర్తుంటుంది? ఆ నవ్వు పూర్తి కాకుండానే ఇంకో ఆలోచన వచ్చింది, తను కుట్టిన కవరైతే బాబాయ్ పొరుగూరి వాళ్ళని ఎందుకు చెప్పాడు? సంచిలోంచి బ్లేడు తీసి జానెడు మేర కుట్లు విప్పింది. లోపల అస్తరు బట్ట బయటపడింది. నీలిరంగు గళ్ళు, ఒక మూల సిరా మరక. అది తన ఇంట్లోదే, కూతురు పడుకున్న పాత దుప్పటి.

అప్పుడు అంతా గుర్తొచ్చింది. కిందటేడు వానలప్పుడు బాబాయ్ దుకాణం నుంచి బండి మీద సీట్లు మాత్రమే వచ్చాయి, కారు రాలేదు. ఆ పనిలో అంతే. సీట్లు ఊడదీసి పంపుతారు, కుట్టి పంపిస్తే బిగించుకుంటారు, కారు మొహం కుట్టేవాళ్ళు చూడరు. స్పాంజి నీళ్ళు పీల్చి బరువెక్కి ఉంది. "అద్దాలు దించి మర్చిపోయారక్కా, వాన పడింది" అన్నాడు తెచ్చినవాడు. కానీ వీపు ఆనే చోట, కింది నుంచి జానెడున్నర ఎత్తున, సన్నటి బురద గీత ఉంది. వాన పైనుంచి పడుతుంది. ఆ గీత కిందనుంచి లేచింది. సీట్లక్క కళ్ళు అది చూశాయి, నోరు మాత్రం అడగలేదు. నాలుగు రోజులు ఎండబెట్టి, కొత్త స్పాంజి వేసి, అస్తరు అయిపోతే ఇంట్లో పాత దుప్పటి కత్తిరించి, బ్రహ్మాండంగా కుట్టి, పైగా పూచీగా మూడు ఎర్ర కుట్లు వేసి పంపించింది. నిన్న గట్టిగా తిరిగి లేచి ఆవిడను నమ్మించిన స్పాంజి ఆవిడ వేసిందే.

అంత లోతు నీళ్ళలో నానిన కారుకు వైర్లు లోపల్లోపలే తుప్పు పడతాయి. కొన్నాళ్ళు నిక్షేపంగా నడుస్తుంది. ఆ తర్వాత ఎక్కడ, ఎప్పుడు ఆగుతుందో ఎవరూ చెప్పలేరు. తెల్లవారుజాము చీకట్లో, లారీలు తోసుకొచ్చే రోడ్డు మధ్యలో దీపాలు ఆరిపోయిన కారు, అందులో తన మనిషి. సీట్లక్క లేచి నేరుగా బాబాయ్ దగ్గరికి వెళ్ళింది.

"బాబాయ్, ఇది నీళ్ళలో మునిగిన కారు."

"ఛ ఛ, ఎవరన్నారమ్మా? నాదీ గ్యారం..."

"నేనే అంటున్నా. ఆ కవరు నాది. లోపల మా అమ్మాయి దుప్పటి ఉంది. వచ్చి చూడు."

బాబాయ్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. తుడుచుకుని, మెల్లగా అన్నాడు. "సీట్లు నీ దగ్గరికే కదమ్మా వచ్చాయి. బురద మరక నువ్వు చూశావు కదా. అప్పుడు నన్నొక్క మాట అడిగావా?"

ఇక్కడ ఇంకెవరైనా గొంతు పెంచేవాళ్ళే. నేనైతే ఆ టీ గ్లాసు ఆయన నెత్తిన కొట్టేదాకా వెళ్ళేవాణ్ణి. ఆవిడ వెళ్ళలేదు. ఈ మనిషి గురించి ఇంత చెప్పాలనిపించింది అందుకే.

"లేదు బాబాయ్, అడగలేదు. తప్పు నాది కూడా" అంది.

దాంతో ఆయనకు ధైర్యం వచ్చింది. "సరేలే, నీ అడ్వాన్సు నీకిచ్చేస్తా, గొడవెందుకు? నిన్న సాయంత్రమే ఇంకొకాయన అడిగి వెళ్ళాడు. భార్య కోసమట, పిల్లల్ని స్కూల్లో దింపుకోవడానికి."

"ఆయనకు చెప్తావా, మునిగిన కారని?"

"చెప్తే కొంటాడా అమ్మా?"

సీట్లక్క తిరిగి కారు దగ్గరికి వెళ్ళి, నాలుగు తలుపులూ బార్లా తెరిచి, బ్లేడు తీసుకుని కూర్చుంది.

"ఏంటమ్మా అది? ఏం చేస్తున్నావ్?"

"కుట్టు నాది బాబాయ్, విప్పుకుంటున్నా. నువ్విచ్చిన కూలీ నా అడ్వాన్సులోంచి పట్టుకో."

గంట పట్టింది. కవర్లు విప్పింది, తను వేసిన స్పాంజి కూడా పీకేసింది. కింద సీట్ల చట్రాలు ఎర్రగా తుప్పుపట్టి, సందుల్లో ఎండిన ఒండ్రుతో బయటపడ్డాయి. కార్లు చూడ్డానికి వచ్చిన జనం మూగారు. బాబాయ్ ఆపాలనుకుంటే ఆపగలడు, ఎందుకో ఆపలేదు. ఆవిడ అన్నీ మూట కట్టి భుజాన వేసుకుంటుంటే గేటు దాకా వచ్చాడు.

"పదేళ్ళ పైనుంచీ పని ఇస్తున్నానమ్మా నీకు" అన్నాడు.

"ఆ మాట గుర్తుంది కాబట్టే నీ దుకాణంలో విప్పాను బాబాయ్. లేకపోతే నడివీధిలో విప్పేదాన్ని."

ఇంటికొచ్చి భర్తకు చెప్పింది. కారు పోయింది, నెలాఖరుకు తొమ్మిది రోజులే ఉన్నాయి, సగం పని కూడా పోయినట్టే. ఆయన అంతా విన్నాడు. ఆ తర్వాత "బాగుంది" అన్నాడు. ఆవిడకు చిర్రెత్తుకొచ్చింది. "ఏంటండీ బాగుండేది?" అంటే, "నువ్వు చేసింది" అన్నాడు. అప్పటిదాకా బిగపట్టుకున్నదంతా ఒక్కసారి కట్ట తెంచుకుంది. ఆవిడ కూర్చుని తనివితీరా ఏడ్చింది. స్కూలంతా చాటింపు వేసిన కూతురు తన వాటా తను వేరే గదిలో ఏడ్చింది.

ఆ తొమ్మిది రోజుల్లో ఆరోది గడిచాక ఒక కారు దొరికింది. పేరుకి ఆకుపచ్చ. ఎండకు వెలిసి ఏ రంగో చెప్పడానికి వీల్లేకుండా ఉంది, ఒక తలుపు మాత్రం బూడిదరంగు. దాని యజమాని చూపు మందగించి డ్రైవింగు మానేసిన పశువుల డాక్టరు. సీట్లు చిరిగి స్పాంజి బయటికొచ్చేసింది. సీట్లక్క వాటిని చూసి, చాలా రోజుల తర్వాత చుట్టం కనబడ్డట్టు మొహం విప్పార్చుకుంది.

నొక్కి చూసింది. డ్రైవరు సీటు దిగే వైపు అంచు పీలికలై ఉంది. పక్క సీటులో చదరంగా ఒక గుంట. వెనక సీటు కొత్తదానిలా ఉంది.

"పెద్దాయనా, మీరొక్కరే తిరిగేవారు కదూ? పక్కన మందుల పెట్టె పెట్టుకుని, అడుగడుగునా దిగుతూ ఎక్కుతూ."

ముసలాయన నోరెళ్ళబెట్టాడు. "లక్షా పదివేలు తిరిగిందమ్మా. హారను దాని ఇష్టమొచ్చినప్పుడు మోగుతుంది. వానొస్తే ఎడమ వైపరు పని చెయ్యదు. అమ్ముతున్నానని దాస్తే రేపు తిట్టుకుంటారు" అన్నాడు. మీటరు, సీటు, మనిషి ముగ్గురూ ఒకే మాట మీద ఉండటం ఆ నెలరోజుల్లో అదే మొదటిసారి. కాళ్ళ కింద చాప ఎత్తి చూస్తే రేకు పొడిగా ఉంది. వెంట తెచ్చుకున్న మెకానిక్కు ఇంజను విని తలూపాడు. ట్యాంకు అంచుదాకా నింపి, భర్త కొత్త మిల్లు దాకా వెళ్ళొచ్చి, అదే పంపులో మళ్ళీ నింపించాడు. మూడున్నర లీటర్లు కూడా పట్టలేదు. నమ్మకం కలక్క, సరిగ్గా నిండిందా అని పంపు మనిషిని మూడుసార్లు అడిగాడు.

ఆ కారుకు సీట్లక్క ఒక్క రోజులో మామూలు నల్ల రెక్సిన్ కవర్లు కుట్టింది. కుడుతూ కుడుతూ ఆగి, ప్రతి సీటు అడుగునా ఒక జిప్పు పెట్టింది. ఎవరైనా సరే, తీసి లోపల ఏముందో చూసుకోవచ్చు. ఆ జిప్పు పక్కనే మూడు ఎర్ర కుట్లు. ఆ రోజు నుంచి ఆ షెడ్డులో జిప్పు లేని కవరు తయారు కాలేదు. సీట్లు మాత్రమే పంపితే తీసుకోవడం లేదు కూడా, కారు వెంట రావాల్సిందే.

"జిప్పెందుకక్కా?" అని సణిగేవాళ్ళకు "గాలి ఆడటానికి" అని చెప్పేది. దుకాణాలవాళ్ళు ఒక్కొక్కరే మొహం చాటేశారు. గ్యారంటీ బాబాయ్ దగ్గర్నుంచి ఏడు నెలలు ఒక్క సీటు రాలేదు. ఆవిడ సెలూన్ కుర్చీలు కుట్టింది, పళ్ళ డాక్టరు కుర్చీ కుట్టింది, సర్కసు వాళ్ళ పరుపులు కూడా కుట్టింది. పాత మిషను ఆ రోజుల్లో పెట్టని ఏడుపు లేదు. అయినా జిప్పు మానలేదు. మెల్లమెల్లగా కొనేవాళ్ళకే అలవాటైంది. కారు తలుపు తియ్యగానే వంగి సీటు కింద చెయ్యి పెట్టి, "జిప్పు లేదేంటండీ?" అని అడగడం మొదలుపెట్టారు. ఒకరోజు గ్యారంటీ బాబాయ్ స్వయంగా కారు నడుపుకుంటూ షెడ్డు ముందు ఆగాడు.

"జిప్పు పెట్టమ్మా దీనికి. లేకపోతే కొనట్లేదు వెధవలు, నాదీ గ్యారంటీ" అన్నాడు. ఆవిడ అడక్కుండానే, "ఆ తెల్లది విడిభాగాలకింద అమ్మేశాలే" అని కూడా అన్నాడు, అటు తిరిగి. సీట్లక్క టీ తెప్పించింది.

మొన్న మంగళవారం సంగతి. భర్త రోజూ షిఫ్టు దిగి, స్కూలు వదిలే వేళకు గేటు దగ్గర కూతుర్ని ఎక్కించుకుని షెడ్డుకు తీసుకొస్తాడు. ఆ రోజు రైల్వే గేటు పడి పది నిమిషాలు ఆలస్యమైంది. ఆకుపచ్చ కారు వచ్చి ఆగగానే వెనక తలుపు ధడాలున తెరుచుకుంది. పదేళ్ళ పిల్ల మూతి ముడుచుకుని దిగి, "చూడమ్మా, నాన్న రోజూ వచ్చే టైముకి రాలేదు!" అని ఫిర్యాదు చేసింది. ఆయన వెనకాల తప్పు చేసినవాడిలా నిలబడ్డాడు.

సీట్లక్క దబ్బనం పక్కన పెట్టి కారు దగ్గరికి వెళ్ళింది. డ్రైవరు సీటు మీద బొటనవేలు పెట్టి నొక్కింది. ఏడాది దాటింది, స్పాంజి కాస్త దిగింది, ఎడమవైపు ఎక్కువగా, తుంటి నొప్పికి ఆయన అటు ఒరుగుతాడు కాబట్టి. పక్క సీటులో టిఫిను డబ్బా గుండ్రటి గుంట. వెనకాల ఎడమవైపు కూతురు కూర్చునే చోట చిన్న పల్లం.

"దిగిపోయిందా? మార్చాలా?" అని అడిగాడు ఆయన.

"వద్దండీ, ఇలాగే ఉండనివ్వండి" అంది సీట్లక్క.